నాలుగో రోజుకు మరిచిందని రాశాను

మొన్న ఆదివారం పొద్దున మా వీధి చివరింటి పద్మజ చేట పట్టుకుని వచ్చింది. మా పెరట్లో వేపచెట్టు ఉంది.

"పెద్దమ్మా, రెండు రెమ్మలు లేతాకు కోసుకుంటా. మా పిల్లోడికి పాలు మరిపించల్ల" అంది.

ఇవ్వనన్నాను. ఎందుకని అడిగితే కూర్చోమన్నాను. ఆమెకు కూర్చునే తీరిక లేదు, చేట ఊపుకుంటూ వెళ్లిపోయింది. వేపాకు కూడా ఇవ్వని పిసినారి ముసలిదని ఈపాటికి వీధంతా చెప్పి ఉంటుంది. చెప్పనీ. కూర్చునే తీరిక లేనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను, చదివే తీరికైనా ఉంటుందేమో చూద్దాం.

ఇవాళ 2026 ఫిబ్రవరి 3, మంగళవారం. నా కోడలు హేమ వంటింట్లో ఉంది. కుక్కర్ మూత సరిగా పెట్టలేదని నన్ను తిడుతోంది. తొమ్మిది నెలల కిందట అయితే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు చెవులు రిక్కించి వింటున్నాను. ఇందులో రాసిందంతా హేమ చదివింది. ఒకచోట కొట్టేయమంది, కొట్టేశాను. మిగతాది ఉండనీ అంది.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. నాకు డెబ్బై ఒకటి. ఏర్పేడు దగ్గర ఒక ఊరి పాలకేంద్రంలో ముప్పై ఒక్క సంవత్సరాలు సెక్రెటరీగా పనిచేశాను. రోజుకు రెండు పూటలు ఎవరు ఎన్ని పాలు పోశారో, పాల చిక్కదనం చూపే రీడింగు ఎంతో, తేదీ వేసి రాయడం నా పని. పని మానేశాక కూడా రాత మానలేదు. ఇంటికొక పుస్తకం పెట్టాను. చెట్టుకు మందు కొట్టిన తేదీ, గ్యాస్ మార్చిన తేదీ, మనవరాలికి పన్ను వచ్చిన తేదీ అన్నీ అందులో ఉంటాయి. నేను రాసింది తప్పు కాదని నాకు గర్వం. ఆ గర్వం సంగతే ఇది.

మే

మనవరాలి పేరు సహస్ర. 2023 జూలై 27న పుట్టింది. 2025 మే 18, ఆదివారం నాటికి దాని వయసు 661 రోజులు. అప్పటిదాకా తల్లిపాలు తాగుతూనే ఉంది. హేమ ఏర్పేడులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. కాన్పుకు మానేసిన ఉద్యోగం, జూన్‌లో బడి తెరిచినప్పుడు మళ్లీ ఇస్తామన్నారు. అందుకని పాలు ఆపాలి. దీనికి తోడు మా వదిన రాజమ్మ, అంటే మా ఆయన అక్క, ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "నోటి నిండా పండ్లు వచ్చినాయి, ఇంకా ఏంది మే ఆ పాలు? పెండ్లి దాకా ఇస్తావా?"

హేమ నన్ను అడిగింది. "అత్తా, ముందు పగటి పూటవి ఆపుదాము. పండుకునేటప్పుడు తాగేది ఇంకో నెల ఇస్తా. మెల్లగా మానుకుంటుంది."

"రోజూ కొంచెం కొంచెం ఏడిపించేది ఏం న్యాయం?" అన్నాను. "ఏడ్చేదేదో ఒకసారే ఏడ్చనీ."

ఇల్లు నాది, వయసు నాది, మాట కూడా నాదే అయింది. మా వైపు ఈ పనిని పాలు మాన్పించడం అనరు, పాలు మరిపించడం అంటారు. మాటలోనే తెలుస్తోంది, మరవాల్సింది బిడ్డ. తల్లి ఏం చేయాలో ఆ మాటలో లేదు. ఇన్ని తరాల్లో ఎవరికీ అది తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున లేత వేపాకు మెత్తగా నూరి ఇచ్చాను. హేమ పూసుకుంది. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి నోరు పెట్టింది, వెంటనే తీసేసింది. మొహం ముడుచుకుని తల్లి మొహంలోకి చూసింది. ఏడవలేదు. తప్పు తనది అన్నట్టు మళ్లీ ఒకసారి ప్రయత్నించింది.

"అమ్మ చేదు" అన్నాను నేను, చేయి పట్టి లాగుతూ. "అమ్మ చేదయిపోయింది. పోదాం రా, కోడిని చూద్దాం."

ఏడుపు తర్వాత మొదలైంది. మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు పొద్దున గ్లాసులో ఆవుపాలు తాగి, తల్లి పక్కనుంచే కోడి దగ్గరికి వెళ్లింది. నేను పుస్తకం తీసి రాశాను. "21-5-2025, బుధవారం. పాప నాలుగో రోజుకు మరిచింది. పని అయింది." కింద గీత కూడా కొట్టాను.

హేమ రొమ్ములు రాయి కట్టాయి. వాళ్లమ్మ నగరి నుంచి మల్లెపూలు మూరలు మూరలు తెచ్చి గుడ్డతో కట్టింది. పాలు ఆగడానికి మల్లెపూలు కట్టడం వాళ్ల వైపు అలవాటు. ఇల్లంతా పెళ్లివారిల్లులాగా వాసన. లోపల ఒక మనిషి జ్వరంతో మూలుగుతోంది. తొమ్మిది రోజులకు వాపు తగ్గింది. అది కూడా రాశాను. ఇక రాయడానికేమీ లేదనుకున్నాను.

జూన్

మే 31న పొయ్యి మీద పాలు పొంగి నేల దాకా కారాయి. హేమ పొయ్యి ముందే నిలబడి చూస్తోంది. ఆపలేదు. నేను అరిస్తే నా వైపు తిరిగి, "ఊ" అంది.

ఆ తర్వాతి పేజీలు ఇప్పుడు చదువుతుంటే నా చేతిరాత మీద నాకే అసహ్యం వేస్తుంది. "జూన్ 4. చారు మాడింది. అజాగ్రత్త." "జూన్ 7. తల దువ్వుకోలేదు. బద్ధకం." "జూన్ 9. పాప పిలిచినా పలకలేదు. పొగరు." ఒక మనిషి నా కళ్ల ముందు రోజుకింత కుంగిపోతుంటే, నేను పక్కన కుర్చీ వేసుకుని ఆమెకు నడవడికలో మార్కులు వేశాను.

బడి తెరిచిన రోజు వెళ్లి పదకొండింటికే తిరిగి వచ్చింది. క్లాసులో నిలబడి ఏడ్చిందట. కరెస్పాండెంటు, "ఇంట్లో సర్దుకుని రండి మేడమ్, మీ సీటు యాడికీ పోదు" అన్నాడు. నాలుగు రోజుల్లో ఆ సీటులో ఇంకొకామె కూర్చుంది. ఈ నాలుగు రోజులనే లెక్క అందరికీ ఎందుకో బాగా కుదిరింది.

నా కొడుకు శేఖర తడ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. కంపెనీ బస్సులో పోయి, కంపెనీ బస్సులో వచ్చి, ఫోను పట్టుకుని పడుకుంటాడు. పెళ్లాం రెండు వారాలుగా సరిగా మాట్లాడటం లేదని వాడికి నేను చెప్పాల్సి వచ్చింది.

"అలిసిపోయి ఉంటుందిలే మా. రెండు దినాలు వాళ్లమ్మ ఇంటికి పంపిద్దాం" అన్నాడు.

"బండి చెడిపోతే మెకానిక్ షెడ్డుకు పంపిచ్చినట్టా?"

"నేనేం డాక్టరునా మా?"

డాక్టరు కాదు, మొగుడు. ఆ రెండింటికీ తేడా వాడికి అప్పటికి తెలియదు.

హేమ వాళ్లమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి తాయెత్తుతో. గాలి సోకిందట. నగరిలో ఎవరో కట్టిచ్చారట. నేను ఎగతాళి చేశాను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. తాయెత్తు కట్టాక ఆమె కూతురిని ముందు కూర్చోబెట్టుకుని గంటసేపు తలకు నూనె రాసి చిక్కు తీసింది. ఆ నెలలో హేమను ప్రేమగా తాకిన చేయి అదొక్కటే. తెలివైనదాన్ని నేను, పుస్తకంలో బద్ధకం అని రాసుకుంటూ కూర్చున్నాను.

రాజమ్మ వదిన తన తీర్పు తాను ఇచ్చింది. "మేము ఆర్నెల్లకొకరికి పాలు మరిపించినోళ్లం. ఈ రోగాలన్నీ యాడుండినాయి అప్పుడు? తిండి ఎక్కువై."

జూన్ 16, సోమవారం, తిరుపతిలో ఒక పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మూడు గంటల పది నిమిషాలు కూర్చున్నాం. గోడ మీద బొద్దుగా ఉన్న బిడ్డ బొమ్మ. హేమ దానివైపు చూడకుండా కుర్చీ తిప్పుకుంది. లోపల నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఆయన ప్రశ్నలన్నీ నన్నే అడిగాడు, పశువును తోలుకొచ్చినవాళ్లను అడిగినట్టు. రక్తం తక్కువ అన్నాడు. టానిక్ రాశాడు. చివర్లో హేమ వైపు తిరిగి, "నవ్వాలమ్మా. బంగారంలాంటి బిడ్డ ఉంది, ఏం తక్కువ నీకు?" అన్నాడు.

హేమ నవ్వింది. చెప్పిన పని చేసే పిల్ల. ఆ నవ్వు చూసి ఆయన తృప్తిగా గంట కొట్టి తర్వాతి టోకెన్‌ను పిలిచాడు. చదువుకున్న మూర్ఖత్వానికి ఏసీ గది కూడా ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఆయన్ని అనడానికి నాకు హక్కు లేదు. నేనూ ఆ నవ్వు నమ్మి ఇంటికి తీసుకొచ్చాను.

జూలై 3, గురువారం

మధ్యాహ్నం నేను వరండాలో చెనక్కాయలు ఒలుస్తున్నాను. హేమ వచ్చి నా ముందు కూర్చుంది. చేతిలో పాప బట్టలు. ఇప్పుడు సరిపోయేవి ఒక మూట, ఇంకో ఆరు నెలలకు సరిపోయేవి ఒక మూట, ఏడాదికి సరిపోయేవి ఒక మూట. ప్రతి మూట మీద చీటీ. ఇంత పొందికగా ఆమె ఏ పనీ చేసి ఐదు వారాలైంది. నాకు సంతోషం వేసింది. దేవుడా, నాకు సంతోషం వేసింది.

తర్వాత టీకాల కార్డు తీసి నా ఒడిలో పెట్టింది.

"ఇది నీ దగ్గర పెట్టుకో అత్తా. నువ్వైతే తేదీలు మరవవు."

"ఎందుకు? నీ దగ్గర ఉంటే ఏం?"

ఆమె చెనక్కాయ పొట్టు వేలితో నలుపుతూ కూర్చుంది. ఏడుపు లేదు, కోపం లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

"నేను లేకపోయినా అది నాలుగు దినాల్లో మరిచిపోతుంది అత్తా. నువ్వే రాసినావు గదా."

నా పుస్తకం ఆమె చదివింది. మే 21 కింద గీత కొట్టి మరీ రాసిన వాక్యం. నేను పాల గురించి రాశాను. ఆమె తన గురించి చదువుకుంది. రాసింది తప్పో ఒప్పో కాదు, రాసింది ఎవరి చేతిలో పడి ఏమవుతుందో ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఒక్కరోజు కూడా ఆలోచించనిదాన్ని.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. రెండో చేత్తో, ఆ కార్డు మీద నంబరు ఉంటే టీకాలు వేసే నర్సమ్మకు ఫోను చేశాను. కార్డు నాకిచ్చింది, బట్టలు మూటలు కట్టింది, ఇట్లా అంది అని చెప్పాను.

"పెద్దమ్మా, రేపు పొద్దున్నే తిరుపతికి తీసుకుపోండి. మనసు డాక్టరు ఉండే చోటికి. నేను ఫోను చేసి చెప్తా. ఈ పూట మాత్రం ఆమెను ఒంటరిగా ఇడవాకండి. బాత్రూముకు పోయినా తలుపు గడి పెట్టనియ్యాకండి."

శేఖరకు ఫోను చేశాను. షిఫ్టు మధ్యలో వదలరు మా, అన్నాడు.

"నీ పెండ్లాం బిడ్డను నాకు అప్పజెప్తా ఉండాది రా. ఎందుకో నువ్వే ఆలోచించుకో" అన్నాను.

సాయంత్రానికి వచ్చాడు. ఎవరి లారీనో పట్టుకుని వచ్చాడట. ఆ రాత్రి మేమిద్దరం ఆమెను వదల్లేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

జూలై 4, శుక్రవారం

మా టోకెన్ నంబరు 31. తిరుపతి ఆసుపత్రి వరండా నిండా మనుషులు. ఎవరూ ఎవరి మొహమూ చూడరు. అందరూ వేరే ఎవరికో తోడు వచ్చినట్టు కూర్చుంటారు. నేనూ అట్లాగే కూర్చున్నాను. ఏర్పేడు నుంచి ఎవరైనా వచ్చి చూస్తారేమోనని కొంగు తల మీదికి లాక్కున్నాను. చావు మా ఇంటి గడప దాకా వచ్చి పోయిన మర్నాడు నేను దిగులుపడింది పరువు గురించి.

పక్కనే ఒక పెద్దామె, తడ దగ్గరి పల్లెట. తోడుగా మీసాలొచ్చిన కొడుకు. ఆమె మాటలో సగం అరవం. సహస్ర చేతిలో మురుకు పెట్టింది. కాసేపు హేమను చూసి, తన చీటీ నాకు అందించింది. నంబరు 12.

"ఇది తీసుకోమ్మా. మీది మాకు ఇయ్యి."

"మీకు ఆలస్యం అవుతుంది గదా."

"మాకు సాయంత్రం దాకా బస్సు లేదులే. మాకిది పదకొండో తూరి. మీకు మొదటి తూరి. మొదటి తూరే కష్టం."

పేరు అడగలేదు. అడగాల్సింది. నా పుస్తకంలో ఉండాల్సిన పేరు అదొక్కటే లేదు.

లోపల డాక్టరమ్మ చిన్న వయసుది. నన్ను కాదు, హేమను చూసి అడిగింది. "పాలు ఎప్పుడు ఆపావమ్మా?"

అన్ని వారాల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. హేమకు తేదీ గుర్తు రాలేదు. నాకు నోటి చివరే ఉంది.

"మే పద్దెనిమిది" అన్నాను.

"ఎన్ని రోజుల్లో ఆపారు?"

"ఒక్క రోజులో."

"అట్లా ఆపమని ఎవరు చెప్పారు?"

"నేనే."

ఆమె నన్ను ఏమీ అనలేదు. బయట కూర్చోమంది. నలభై నిమిషాలు తలుపు మూసే ఉంది. మళ్లీ పిలిచి నిదానంగా చెప్పింది. పాలు ఆపినప్పుడు, ముఖ్యంగా ఒక్కసారిగా ఆపినప్పుడు, ఒంట్లో జరిగే మార్పుకు కొంతమందికి మనసు ఇట్లా కిందికి జారుతుంది. అందరికీ రాదు. వచ్చినవాళ్లు బయటికి చెప్పుకోరు. ఇది పొగరు కాదు, గాలి కాదు, జబ్బు. తగ్గే జబ్బు. మందులు ఉన్నాయి, వారం వారం వచ్చి మాట్లాడాలి. కొన్నాళ్లు ఒంటరిగా వదలకూడదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని దాపరికం లేకుండా అడగాలి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

పొగరు అనే మాట ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు.

తిరుగు బస్సులో హేమ కిటికీ పక్కన, నేను మధ్యలో, శేఖర ఈ చివర, పిల్ల నా ఒడిలో నిద్ర. మందులు ఆమె చేతి సంచిలో కాదు, నా సంచిలో. రేణిగుంట దాటాక నాకు నోరు ఆగలేదు. మా కేంద్రంలో చూలు ఆవుకు పాలు ఆపే పద్ధతి చెప్పాను. ఈనడానికి రెండు నెలల ముందు మొదలుపెట్టాలి. ముందు ఒక పూట పిండటం మానాలి. తర్వాత రోజు విడిచి రోజు. మొత్తం పదిహేను రోజులు. ఒకడు తొందరపడి ఒక్కరోజులో ఆపేస్తే ఆవుకు పొదుగు వాచి జ్వరం వచ్చింది. వాడిని కేంద్రం ముందు నిలబెట్టి ఊరంతా వినేటట్టు తిట్టాను. మూగజీవి అనేగా రా నీకింత అలుసు, అన్నాను. అదంతా చెప్పాను.

హేమ కిటికీ నుంచి నా వైపు తిరిగింది.

"ఆవుకు పదహైదు దినాలు" అంది. "నాకు ఒక దినం."

నా ఒడిలో పిల్లను సర్దుకున్నాను.

"నన్ను ఆవు లెక్కన చూసినా బాగుండు అత్తా."

మే 31 నుంచి జూలై 4 దాకా ముప్పై నాలుగు రోజులు. లెక్క వేశాను. ఆ ముప్పై నాలుగు రోజులూ నావి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా

ఆ రోజు నుంచి పుస్తకంలో తీర్పులు రాయడం మానేశాను. నిజానికి పాలకేంద్రంలో నియమం అదే. పాలు పలచగా ఉన్నాయని రాయకూడదు, రీడింగు రాయాలి. పాలకు పాటించిన మర్యాద మనిషికి పాటించడానికి నాకు డెబ్బై ఒక్క ఏళ్లు పట్టింది.

జూలై 9. రెండు ఇడ్లీలు తింది. జూలై 15. పాపను ఎత్తుకుంది, దించేసింది. జూలై 27. పాప పుట్టినరోజు, కేక్ కోసేటప్పుడు లోపలికి వెళ్లిపోయింది, పదకొండు నిమిషాలకు తిరిగి వచ్చింది. ఆగస్టు 2. మంచం దిగలేదు. ఆగస్టు 3. దిగింది.

శేఖర పొద్దుటి షిఫ్టుకు మార్చుకున్నాడు. సాయంత్రం వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, డాక్టరమ్మ చెప్పిన ప్రశ్న అడిగేవాడు. మొదటిరోజు సగం అడిగి, వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు. హేమే ఓర్చుకుని, "అడుగు, నేను చెప్తాలే" అంది. తర్వాత తర్వాత నేర్చుకున్నాడు. పాపకు జడ వేయడం కూడా నేర్చుకున్నాడు. రెండు జడలు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండవు. ముప్పై నాలుగేళ్లలో వాడు చేసిన తెలివైన పనులు ఈ రెండే అయినా, రాయడం న్యాయం.

ఆగస్టు 19, మంగళవారం. హేమ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసినావు అత్తా. కండ్లు కనపడవా?"

శేఖర నా వైపు చూశాడు. ఉప్పు సాంబారు రెండుసార్లు పోసుకుని తిన్నాను.

సెప్టెంబరులో రాజమ్మ వదిన వచ్చింది. హేమ మందు వేసుకోవడం చూసి, లోపలికి పోయేదాకా ఆగి, నా చెవి దగ్గరికి వంగింది. "ఆ మాత్తర్లు మింగితే పిచ్చిది అనేస్తారు మే. మాన్పించెయ్."

ఆ మాట మే నెలలో అయితే నన్ను ఊపేది. ఈసారి నేనొకటి అడిగాను.

"వదినా, నీ నాలుగో బిడ్డకు పాలు మరిపించినాక నువ్వు మీ అత్తగారింటి పశువుల కొట్టంలో కూచున్నావే, నెల దినాలు, ఎవరితోనూ మాట్లాడకుండా. దానికేం పేరు పెట్టినారు?"

ఎత్తిపొడవాలనే అడిగాను. ఆమె ఎగిరి పడుతుందని చూశాను. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"పొగరనింది మా అత్త" అంది. "నువ్వు మీ ఇంటినుంచి ఆడికి రోజూ కూడు తెచ్చి ఇస్తావుంటివి. ఒక దినం కూడా ఏమైందని అడగలేదే."

నిజమే. అడగలేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఆ మాటే నమ్మాను. అదే మాటను భద్రంగా దాచి, నలభై తొమ్మిదేళ్ల తర్వాత నా కోడలి పేరు కింద రాశాను. వదిన ఆ రోజు సాయంత్రం దాకా కూర్చుంది. పోయేటప్పుడు హేమ గదిలోకి వెళ్లి, ఏమీ మాట్లాడకుండా, మంచం మీద ఆరిన బట్టలన్నీ మడిచి పెట్టి పోయింది.

అక్టోబరు 9, గురువారం

సాయంత్రం హేమ పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. నేను తలుపు దగ్గర. సహస్ర వేపచెట్టు కింద చీమల వెంట తిరుగుతోంది. గాలికి ఒక రెమ్మ రాలి హేమ ఒడిలో పడింది.

పిల్ల చూసింది. పరుగెత్తుకుంటూ వచ్చి ఆ రెమ్మను తీసి దూరంగా విసిరేసింది. తర్వాత తల్లి ముందు నిలబడి, వేలితో ఆమె గుండె మీద, చీర అంచు పైన, మెల్లగా ముట్టుకుంది. ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. చప్పరించి చూసింది.

"అమ్మా, చేదు పోయిందా?"

నా చేతిలో గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టానో తెలియదు.

"పోయింది నాయనా" అంది హేమ. మళ్లీ చెప్పింది. "అంతా పోయింది."

"నొప్పి లేదా?"

"లేదు. ఇప్పుడు లేదు."

పిల్ల తల ఊపింది. పాలు అడగలేదు. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి కాసేపు అట్లాగే ఉండి, మళ్లీ చీమల దగ్గరికి వెళ్లింది.

మే 18 నుంచి అక్టోబరు 9 దాకా నూట నలభై నాలుగు రోజులు. అమ్మకు ఏదో అయిందని, చేదు పట్టిందని, అది పోయేదాకా అడగకూడదని, రెండేళ్ల పిల్ల కాచుకుని ఉంది. నేను నాలుగు అని రాశాను. నాలుగో రోజు అది కోడి దగ్గరికి వెళ్లింది, నేను చూసింది అంతే. మిగతాది కల్పించాను.

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చాను. కేంద్రం రిజిస్టరులో తప్పు పడితే గీకి చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు. తప్పు కనిపించేటట్టే ఒకే గీత కొట్టి, పైన సరైనది రాసి, తేదీ వేయాలి. దిద్దుబాటు చెల్లాలంటే రెండు సంతకాలు కావాలి. రాసినవాళ్లది ఒకటి, పాలు పోసినవాళ్లది ఒకటి.

మే 21 దగ్గర ఒక గీత కొట్టాను. పైన "మరవలేదు" అని రాశాను. తేదీ వేసి సంతకం చేసి, పుస్తకం హేమ ఒడిలో పెట్టాను.

ఆమె ఆ పేజీ చదివింది. తర్వాత పేజీలు తిప్పింది. జూన్ 4, 7, 9.

"వీటికి గీతలు ఎవరు కొడతారు అత్తా?"

కొట్టాను. అజాగ్రత్తకు ఒకటి, బద్ధకానికి ఒకటి, పొగరుకు ఒకటి. మూడింటి పైనా "జబ్బు" అని రాశాను. నాలుగు దిద్దుబాట్లు, నాలుగు చోట్ల నా సంతకం.

హేమ కలం తీసుకుంది.

"రీడింగు ఎంతని రాసినావు?"

"ఏం రీడింగు?"

"నా పాలకు."

ఐదు నెలల్లో ఆమె చేసిన మొదటి పరిహాసం అది. ఆమె వంగి, పిల్లలకు పలక మీద దిద్దబెట్టే గుండ్రటి అక్షరాలతో, నాలుగు చోట్లా సంతకం చేసింది.